గ్రంథాలయం గోడ మీద ఎవరి కథ? పటం నుంచి పఠనాలయం దాకా

ఇవాళ గోడల గురించి మాట్లాడుకుందాం. గ్రంథాలయం గోడల గురించి.

ఏటా నవంబర్ 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతయి కదా. మొదటి రోజు నెహ్రూ ఫొటోకు దండ వేస్తరు. ఆ తర్వాత పిల్లలకు వ్యాసరచన, వక్తృత్వం, చిత్రలేఖనం. ఆడవాళ్లకు ముగ్గుల పోటీ. ఆ ముగ్గుల రోజు ఏ శాఖా గ్రంథాలయం ముందైనా ఒకసారి నిలబడి చూడండి. ఏడాదిలో మిగతా రోజులు ఆ గడప తొక్కని ఆడవాళ్లు ఆ రోజు వస్తరు. వాకిలి ఊడ్చి, నీళ్లు చల్లి, చుక్కలు పెడతరు. గంట సేపట్లో ఆ జాగా రూపమే మారిపోతది. మరునాడు పొద్దున మళ్లీ ఊడుస్తరు, అంతే. పిల్లలు వేసిన బొమ్మల షీట్లేమో బీరువా మీదికి చేరుతయి.

ఊరి మనుషులు తమ చేత్తో గ్రంథాలయంలో బొమ్మ వేసే సందర్భం దాదాపు అదొక్కటే. లోపల గోడలు చూస్తే గాంధీ, అంబేద్కర్, నెహ్రూ ఫొటోలు ఉంటయి. కొన్ని చోట్ల అయ్యంకి వెంకటరమణయ్య ఫొటో ఉంటది. 'నిశ్శబ్దం పాటించండి' అన్న బోర్డు మాత్రం ప్రతి చోటా ఉంటది.

ఇందులో వింతేముంది, గ్రంథాలయం అంటే అట్లనే ఉంటది కదా అనొచ్చు. కానీ మనం మాట్లాడుతున్న ప్రాంతం మామూలు ప్రాంతం కాదు. ఊళ్లకు ఊళ్లు తమ చరిత్రను బొమ్మలు గీయించుకుని, రాత్రిపూట దీపం పెట్టుకుని 'చదివిన' ప్రాంతం ఇది. బొమ్మలకు ఇంత పెద్ద పీట వేసిన చోట, చదువుకునే గది గోడలు ఎందుకు ఖాళీగా ఉండిపోయినయి అన్నదే ఇవాళ్టి ప్రశ్న.

ముందు స్థలం సంగతి చెప్పుకుందాం. గూడూరు అనంగనే చాలామందికి నెల్లూరు పక్కన ఉన్న రైల్వే జంక్షన్ గుర్తొస్తది. అది కాదు. మన దగ్గర, అంటే పాత వరంగల్ జిల్లాలో, రెండు గూడూర్లు ఉన్నయి. ఒకటి ఇప్పుడు జనగామ జిల్లాలో, పాలకుర్తి మండలంలో. పాల్కురికి సోమనాథుడి పాలకుర్తి, పోతన పేరు చెప్పుకునే బమ్మెర, ఆ చుట్టుపక్కలే. రెండోది మహబూబాబాద్ జిల్లాలో, మండల కేంద్రం. పాకాల అడవి పక్క, భీముని పాదం జలపాతం ఉన్న మండలం. ఒక గూడూరు చుట్టూ మైదానం, కులవృత్తుల ఊళ్లు. ఇంకో గూడూరు చుట్టూ అడవి, కోయ గూడేలు, లంబాడా తండాలు. 2016 అక్టోబర్ 11న కొత్త జిల్లాలు వచ్చేదాకా రెండూ ఒకే జిల్లా. చేర్యాల కూడా ఆ రోజు దాకా మన వరంగల్ జిల్లాలోదే. ఆ రోజు నుంచి సిద్దిపేట జిల్లాలో కలిసింది. ఈ ముక్క ఎందుకు చెప్తున్నానంటే, చేర్యాల పటం అనంగనే ఇప్పుడు అదేదో వేరే జిల్లా కళ అన్నట్టు మాట్లాడుతున్నం. ఆ పటాలు తిరిగింది మన ఊళ్లల్లోనే.

పటం ఎట్ల తయారైతదో కొంచెం వివరంగా చెప్తా. ఎందుకంటే దాని తయారీలోనే దాని స్వభావం ఉంది.

ముతక ఖద్దరు బట్ట తీసుకుంటరు. బియ్యం గంజి, సుద్దమట్టి, ఉడకబెట్టి నూరిన చింతగింజల అంబలి, బంక, ఇవన్నీ కలిపి ఆ బట్టకు పూత పూస్తరు. ఆరినంక మళ్లీ ఒక పూత. అప్పుడు ఆ బట్ట చుట్ట చుట్టడానికి లొంగుతది, రంగును పీల్చకుండా పట్టుకుంటది. గీత కోసం ఉడుత వెంట్రుకల కుంచె. నలుపు దీపం మసి నుంచి, తెలుపు శంఖం నుంచి, ఎరుపు ఇంగిలీకం నుంచి. వెనుక నేలంతా ఎరుపే ఉంటది. దూరం నుంచి చూసినా ఇది చేర్యాల పటం అని గుర్తుపట్టేది ఆ ఎరుపుతోనే. పటం వెడల్పు సుమారు మూడు అడుగులు ఉంటది. పొడవు మాత్రం నలభై, యాభై అడుగులు కూడా ఉండొచ్చు. అడ్డంగా వరుసలు వరుసలుగా కథ నడుస్తది. వరుసకూ వరుసకూ మధ్య పూలతీగ అంచు. పై నుంచి విప్పుకుంటూ వస్తుంటే కథ కిందికి దిగుతది. మొదటి బొమ్మ గణపతి.

వేసేది నకాశీలు. ఆ పేరు ఉర్దూ 'నక్ష్' మాట నుంచి వచ్చింది. కానీ వేయించేది వాళ్లు కాదు, అమ్ముకునేదీ వాళ్లు కాదు. వేయించేది కథ చెప్పే కులం. ఆ కథ ఇంకో కులానిది. ఇక్కడ ముగ్గురు ఉన్నరు చూడండి. బొమ్మ గీసేవాడు, కథ చెప్పేవాడు, కథ ఎవరిదో ఆ కులం. ఈ ముగ్గురూ ఒప్పుకుంటేనే పటం.

పద్మశాలీలకు కూనపులి వాళ్లు చెప్తరు, మార్కండేయ పురాణం, భావనారుషి కథ. తామర తూడు దారంతో దేవతలకు బట్ట నేసిన కథ. గౌడులకు ఏనూటి వాళ్లు గౌడ పురాణం చెప్తరు. చాకలి వాళ్లకు పటమోళ్లు మడేలు పురాణం. మంగళ్లకు అద్దపోళ్లు. ముదిరాజులకు కాకిపడగల వాళ్లు పాండవుల కథ చెప్తరు. గొల్లలకు మందహెచ్చుల వాళ్లు కాటమరాజు కథ, వీళ్లు పటం బదులు బొమ్మలు పేర్చుకుని చెప్తరు, ఆ బొమ్మలు చేసేదీ నకాశీలే. మాదిగలకు డక్కలి వాళ్లు జాంబ పురాణం. భూమి పుట్టడానికి ఆరు నెలల ముందే పుట్టినవాడు జాంబవుడు అని మొదలవుతది ఆ కథ. ఊరు ఎవరిని చివర నిలబెట్టిందో, ఆ పటం వాళ్లను అందరికన్నా ముందు నిలబెడుతది. మామూలు విషయం కాదు అది.

ఒక్కో కథకుల కుటుంబానికి కొన్ని ఊళ్ల మీద హక్కు ఉంటది. మిరాసీ అంటరు. ఈ ఊళ్లు మావి, ఆ ఊళ్లు వాళ్లవి అని పంచుకుంటరు. ఏడాదికో, రెండు మూడేళ్లకో ఒకసారి వస్తరు. ఆ కులపోళ్ల వాడలో గుంజలు పాతి పటం కడతరు, కర్రతో ఒక్కో బొమ్మ చూపిస్తూ రాత్రుళ్లు కథ చెప్తరు. కులపెద్దలు త్యాగం చెల్లిస్తరు. త్యాగం అంటే ఇక్కడ దానం అనుకునేరు, కాదు. అది వాళ్ల హక్కు. ఇవ్వకపోతే నిలదీస్తరు.

పాతబడి చినిగిన పటాన్ని నీళ్లలో కలపడం ఆనవాయితీ. మనిషికి చేసినట్టే చేస్తరు. అందుకే మనకు పాత పటాలు తక్కువ దొరుకుతయి. హైదరాబాదులో జగదీశ్ మిత్తల్, కమలా మిత్తల్ దంపతుల సేకరణలో ఉన్న పటాల్లో ఒకటి 17వ శతాబ్దం తొలి పాదం నాటిదని గుర్తించారు. అది పద్మశాలీల కథే. నీళ్లల్లో కలవాల్సిన బట్ట అద్దాల వెనుక మిగిలింది. నాలుగు వందల ఏండ్ల నాటి గీతను మనం చూడగలుగుతున్నం, సంతోషమే. దాని ముందు కర్ర పట్టుకుని నిలబడి చెప్పేవాళ్లు మాత్రం అక్కడ లేరు.

అడవి వైపు గూడూరుకు వద్దాం. కోయలకు పటం లేదు కానీ పడిగె ఉంది. మూడు మూలల గుడ్డ జెండా. దాని మీద ఆ గట్టు, అంటే ఆ గోత్రం, మూలపురుషుల బొమ్మలు ఉంటయి. దాన్ని చదివేది డోలీలు, డోలు కొడుతూ చెప్తరు. మణుగూరు ప్రాంతపు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చినప్పుడు ఈ సంగతి పత్రికల్లోకి ఎక్కింది. సమ్మక్క సారలమ్మ కథను కోయ భాషలో, డోలు మీద చెప్పగలిగిన మనిషి. 2024లో పోయారు. ఆయనతో పాటు ఎన్ని గట్ల కథలు పోయినయో లెక్క కట్టే పని ఎవరూ చేయలేదు.

ఇంతదాకా విన్నాక ఒక మాట మనసులో మెదలాలె. ఈ పటాలు, పడిగెలు జనం సొమ్ముతో జనం వేయించుకున్న బొమ్మలే. పది మందీ కూడే చోటును మార్చేసిన బొమ్మలే. కానీ ఆ పది మంది ఎవరు? పద్మశాలీ వాడలో కూనపులి పటం. గౌడుల వాడలో ఏనూటి పటం. మాదిగవాడలో జాంబ పురాణం, అదీ చెప్పే డక్కలి మనిషి వాడ బయట గుడారం వేసుకుని ఉంటడు. మాదిగలకు కూడా అంటరాని వాళ్లు డక్కలి వాళ్లు. వాళ్ల దగ్గర తప్ప ఇంకొకరి దగ్గర చేయి చాపకూడదని కట్టుబాటు. అంటే ఊరంతా ఒక చోట కూర్చుని అన్ని పటాలూ చూసిన రోజు ఈ ఊళ్ల చరిత్రలో ఉండే అవకాశమే లేదు. పక్క వాడ కథ ఏంటో పక్క వాడకు తెలియదు. జానపద కళ అనంగనే ఊరంతా ఒక్కటై అని మురిసిపోతుంటం, అది అబద్ధం.

ఇక గ్రంథాలయం దగ్గరికి.

1901 సెప్టెంబర్ 1న హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం మొదలైంది. రావిచెట్టు రంగారావు ఇంట్లో, రాంకోఠీలో. కొమర్రాజు లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు దాని వెనుక ఉన్నరు. సుల్తాన్‌ బజార్‌లో సొంత భవనం వచ్చింది 1921లో. అంటే ఇరవై ఏండ్లు సొంత గూడు లేకుండానే నడిచింది. మన దిక్కు 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషా నిలయం వచ్చింది. ఇప్పటికీ ఉంది. మన వరంగల్ వాళ్లు దాని ముందు నుంచి రోజూ పోతుంటరు, లోపలికి పోయినవాళ్లు తక్కువ.

ఆ రోజుల్లో నిజాం రాజ్యంలో తెలుగు పుస్తకాన్ని పది మంది మధ్య పెట్టడమే ఒక సాహసం. బడిలో చదువు ఉర్దూ, కచేరీలో మాట ఉర్దూ. సభ పెట్టాలంటే ముందస్తు అనుమతి కావాలె. గస్తీ నిశాన్ 53 పేరు వినే ఉంటరు. అందుకే గ్రంథాలయం అనేది ఇక్కడ పుస్తకాల కొట్టు మాత్రమే కాదు, సభ పెట్టుకోవడానికి దొరికిన సందు. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదటి ఆంధ్ర మహాసభ జరిగే నాటికి ఆ సభకు వచ్చినవాళ్లలో చాలామందికి గ్రంథాలయాల గాలి తగిలే ఉంది. వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు మోసుకుంటూ ఊరూరా తిరిగాడు. నడిచే గ్రంథాలయం అన్నమాట. కూనపులి మనిషి పటం చుట్టను భుజాన వేసుకుని తిరిగిన దారుల్లోనే ఈయన పుస్తకాల మూట తిరిగింది. ఈ ఇద్దరూ ఒకరినొకరు దాటుకుంటూ పోయినట్టు అనిపిస్తది నాకు.

ఇంకో సంగతి. 1951 జనగణన నాటికి హైదరాబాద్ రాష్ట్రంలో చదవగలిగిన వాళ్లు వందకు పది మంది కూడా లేరు. అట్లాంటి చోట పఠనాలయం నిశ్శబ్దంగా ఎట్ల ఉంటది? ఒకరు పత్రిక పైకి చదివితే పది మంది వినాలె. గోల్కొండ పత్రిక అట్లనే ఊళ్లల్లోకి పోయింది. ఒకరు చూపించి చెప్పడం, మిగతా వాళ్లు వినడం. పటం పద్ధతే ఇది! 'నిశ్శబ్దం పాటించండి' అన్న బోర్డు అందరికీ కొంతైనా చదువు వచ్చినంక వచ్చి ఉంటది.

కానీ బొమ్మ మాత్రం ఆ గదిలోకి రాలేదు. నా అంచనా చెప్తాను. గ్రంథాలయాలు పెట్టినవాళ్లు ఎక్కువగా వకీళ్లు, దేశముఖుల కుటుంబాల వాళ్లు, వ్యాపారులు, చదువుకున్న బ్రాహ్మణులు. వాళ్లకు సంస్కృతి అంటే పోతన, నన్నయ, శాసనాలు, తాళపత్రాలు. రాతలో ఉన్నది. నిలయాలకు పెట్టుకున్న పేర్లు చూడండి, కృష్ణదేవరాయలు, రాజరాజనరేంద్రుడు. రాజుల పేర్లు. ఉర్దూ కింద నలుగుతున్న భాషకు ఒక గతం కావాలె, ఆ గతాన్ని రాజుల్లో వెతుక్కున్నరు. దాన్ని తప్పు పట్టలేం. కాకపోతే తమ ఊళ్లోనే గుంజలకు కట్టిన నలభై అడుగుల చరిత్ర వాళ్లకు చరిత్రలాగా కనపడలేదు. హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ 1906లో జగన్మిత్ర మండలి పెట్టినప్పుడు హరికథలను వాడుకున్నడు. చదువు రాని మనుషులకు చేరాలంటే కథ చెప్పాలె అని ఆయనకు తెలుసు. ఆ తోవ మన గ్రంథాలయాల దాకా రాలేదు.

ఇంకో పక్క నుంచి కూడా చూడాలె. పటం చూడాలంటే ఆ కులంలో పుట్టాలె. గ్రంథాలయంలో కూర్చోవాలంటే, కనీసం నియమం ప్రకారమైనా, ఎక్కడ పుట్టినా ఒకటే. ఒక బల్ల మీద చాకలి ఇంటి పిల్ల, రెడ్డి ఇంటి పిల్లవాడు పక్కపక్కన కూర్చుని ఒకే పేపర్ చదవడం అనేది ఈ ఊళ్లకు కొత్త. ఆ కొత్త జాగాను తెచ్చింది గ్రంథాలయం. దాన్ని తక్కువ చేసి మాట్లాడలేం. పాలకుర్తి చాకలి ఐలమ్మ తను సాగు చేసుకునే భూమి కోసం, పండిన పంట కోసం విసునూరు దేశ్‌ముఖ్‌తో కొట్లాడింది కూడా ఈ నేల మీదే. ఇవాళ ఆమె విగ్రహం లేని ఊరు వెతుక్కోవాలె.

తర్వాత కథ గబగబా చెప్తా. 1955లో హైదరాబాద్ పౌర గ్రంథాలయాల చట్టం, 1960లో ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం. జిల్లా గ్రంథాలయ సంస్థలు వచ్చినయి. ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు వస్తది, ఇప్పుడు రూపాయికి 8 పైసలు. అంటే గూడూరులో ఇంటి పన్ను కట్టే ప్రతి మనిషీ గ్రంథాలయానికి పెట్టుబడి పెట్టినవాడే. కూనపులి వాళ్లకు త్యాగం కట్టినట్టే ఇదీను. కానీ త్యాగం కట్టినవాడు ఇది నా పటం అనుకున్నడు. సెస్సు కట్టినవాడికి తను కడుతున్నట్టే తెలియదు. రసీదులో ఒక వరుస అది. వసూలు చేసిన మున్సిపాలిటీలు, పంచాయతీలు సంస్థకు సమయానికి జమ చేయవు, బకాయిలు పేరుకుపోతయి. భవనం సర్కారుది అయింది. సున్నం ఏ రంగు వేయాలో కూడా పై నుంచి వస్తది.

ఇవాళ శాఖా గ్రంథాలయంలో ఎవరున్నరో చూడండి. పొద్దున పేపర్ కోసం వచ్చే పెద్దమనుషులు ఉంటరు. పొద్దంతా గ్రూప్స్, కానిస్టేబుల్, టీచర్ పరీక్షలకు చదువుకునే పిల్లలు ఉంటరు. టిఫిన్ డబ్బా, నీళ్ల సీసా తెచ్చుకుని సాయంత్రం దాకా కదలరు. వాళ్లకు గోడ మీద బొమ్మ వద్దు, ఫ్యాను కావాలె, ప్లగ్ పాయింట్ కావాలె. వాళ్ల మాట కొట్టిపారేయలేం. తెలంగాణ చరిత్ర, సంస్కృతి అన్న సబ్జెక్టులో చేర్యాల నకాశీ ఏ జిల్లా అన్న ప్రశ్నకు జవాబు బట్టీ పట్టేది కూడా వాళ్లే కదా, అదే చిత్రం.

బయట ఏం చేసిన్రో రెండు మాటలు. శాంతినికేతన్‌లో పాత గ్రంథాలయం వరండా గోడలకు 1920ల చివర్లో నందలాల్ బోస్ విద్యార్థులతో కలిసి తడి సున్నం మీద బొమ్మలు వేయించాడు. పద్ధతి నేర్పడానికి జైపూర్ నుంచి నర్సింగ్‌లాల్ అనే మిస్త్రీని పిలిపించాడు. కాలేజీ పిల్లలకు మిస్త్రీ గురువు. అది గమనించండి. మెక్సికో నగరంలో విశ్వవిద్యాలయ గ్రంథాలయం నాలుగు గోడలకూ హువాన్ ఓగోర్మాన్ 1950ల్లో రాళ్ల ముక్కలతో దేశ చరిత్ర అతికించాడు, సుమారు 4,000 చదరపు మీటర్లు. దేశమంతా తిరిగి రంగు రాళ్లు ఏరి తెచ్చాడు, రంగు వేయలేదు. గొప్ప పని, కానీ ఒక్క మనిషి ఊహ. నాకు ఎక్కువ పనికొచ్చేదిగా అనిపించింది లాస్ ఏంజెలెస్‌లోది. జూడీ బాకా అనే ఆమె 1976 నుంచి 1983 దాకా, ఎండాకాలం సెలవుల్లో, వరద కాలువ గోడ మీద అర మైలు పొడవున నగర చరిత్ర వేయించింది. వేసింది 400 మందికి పైగా కుర్రాళ్లు. వాళ్లలో ఒకరి వాడంటే ఒకరికి పడని వాళ్లు ఉన్నరు. ఏ బొమ్మ వేయాలో ముందు కూర్చుని మాట్లాడుకునేవాళ్లు, పెద్దలను పిలిచి వినేవాళ్లు. కుంచె తర్వాత. మన భాషలో చెప్పాలంటే అన్ని వాడల పటాలూ ఒకే గుంజకు కట్టినట్టు.

మన దగ్గర ఇప్పుడు జరుగుతున్నది వేరు. చేర్యాల బొమ్మకు జీఐ గుర్తింపు వచ్చింది. హైదరాబాదు గోడల మీద ఆ ఎరుపు నేల, ఆ పెద్ద కళ్ల ఆడవాళ్లు కనిపిస్తరు. బతుకమ్మ, బోనాలు, కల్లు గీత. చేర్యాలలో మిగిలిన కొద్ది నకాశీ కుటుంబాలు మాస్కులు, పెన్ను డబ్బాలు, ఫ్రేమ్ కట్టిన చిన్న బొమ్మలు చేసి బతుకుతున్నయి. అవార్డులు వచ్చినయి, బతుకుదెరువు దొరికింది, అది చిన్న సంగతేం కాదు. కానీ చూడండి, ముగ్గురిలో ఒక్కరే మిగిలిన్రు. గీసేవాడు ఉన్నడు. చెప్పేవాడు జారిపోయిండు. కథ ఎవరిదో ఆ కులం టీవీ ముందు కూర్చుంది. జాంబ పురాణం ఉన్న నకాశీ బొమ్మ నగరం గోడ మీద నాకైతే ఎక్కడా కనపడలేదు. శైలికి గోడ దొరికింది, కథకు దొరకలేదు. జనగామ జిల్లా చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ ఇచ్చినప్పుడు అందరం చప్పట్లు కొట్టినం. చిందోళ్లు ఆడేదీ జాంబ పురాణమే. ఆ పురాణం ఏం చెప్తదో ఎంతమందికి తెలుసు?

కాబట్టి గూడూరు లాంటి ఊళ్లో గ్రంథాలయం గోడకు బొమ్మలు వేయించాలె అని ఎవరైనా అనుకుంటే, నేను ఒకటి అడుగుతా. గోడకు రంగు వేయొద్దు. ఒకటి, మన వానలకు చెమ్మ పట్టని గోడ లేదు. రెండు, గోడ మీద వేస్తే అది అలంకారం అయి కూర్చుంటది, రెండు నెలల తర్వాత ఎవరూ తలెత్తి చూడరు. పటమే వేయించండి. బట్ట మీద. చుట్ట చుట్టి బీరువాలో పెట్టొచ్చు. ఆదివారం సాయంత్రం విప్పి కట్టొచ్చు. ఒక నెల కూనపులి పటం, ఒక నెల ఏనూటి పటం, ఒక నెల జాంబ పురాణం. అడవి గూడూరులోనైతే పడిగె, దాని పక్కన తండా ఆడవాళ్లు కుట్టిన అద్దాల గుడ్డ. ఏ వాడ కథ ఆ వాడలోనే కాకుండా అందరి మధ్యలో విప్పడం. ఇది మొదటిసారి జరిగేది గ్రంథాలయంలోనే జరగగలదు. గుడిలో జరగదు. కులసంఘం భవనంలో జరగదు. బడిలో జరగొచ్చు కానీ సెలవులొస్తే తాళం.

గొడవ కాదా అంటే అవుతది. మా కులపురాణంలో ఇట్ల లేదు అని ఒకరంటరు. ఆ పాత పేరు ఇప్పుడు మేం వాడుకోవడం లేదు, తీసేయండి అని ఇంకొకరంటరు. న్యాయమే. కొన్ని పేర్లు తిట్లుగా మారినయి కాబట్టి మార్చుకున్నరు. అయినా అడుగుతున్నరంటే, ఈ పటం నాది అనుకున్నట్టే కదా. కొత్త వరుసలు కూడా కలపొచ్చు. మడేలు పురాణం పటం చివర ఐలమ్మ ధాన్యం బస్తాల పక్కన నిలబడి ఉంటే నకాశీ కలం ఆగదు. పటాలు ఎప్పుడూ అట్లనే పెరిగినయి.

ఇక ఖర్చు, కాగితాల సంగతి. ఆ పటం గ్రంథాలయానికి వస్తే అక్సెషన్ రిజిస్టర్‌లో ఎక్కించాలె. నంబర్ వేయాలె. పుస్తకం అంటే పేజీలు ఎన్ని అని రాస్తరు, దీనికి అడుగులు రాస్తరేమో. దాన్ని విప్పి చెప్పే మనిషికి ఇచ్చే త్యాగం ఏ పద్దు కింద రాయాలె? పుస్తకాలు, పత్రికలు, ఫర్నిచర్, కరెంటు బిల్లు, ఇట్ల పద్దులున్నయి. కథ చెప్పినందుకు అన్న పద్దు లేదు. ఆ మనిషి పక్క ఊళ్లో చెప్పడానికి పటం తీసుకుపోతానంటే? పుస్తకం ఇచ్చినట్టే ఇవ్వొచ్చు. కాకపోతే ఇంటికి పుస్తకం ఇవ్వాలంటే సభ్యత్వం ఉండాలె. సభ్యత్వానికి ధరావత్తు కట్టాలె, ఇంటి చిరునామా రాయాలె.

డక్కలి మనిషి ఆ గడిలో ఏం రాస్తడు?

ఈ వారం మీ ఊరి గ్రంథాలయానికి ఒకసారి పోయి, గోడలు చూసి రండి. వచ్చే ఎపిసోడ్‌లో పెంబర్తి కంచరి వాళ్ల గురించి మాట్లాడుకుందాం.